అన్న కడుపు నీళ్లు

నీ కడుపులోంచి తీసిన నీళ్లు నాకు ఇస్తావా అని అడిగితే మా అన్న ముందు నవ్వాడు.

శంషాబాద్‌లో ఒక దవాఖాన, రెండో అంతస్తు. పొట్ట పక్కన గుచ్చిన సన్నటి గొట్టంలోంచి పసుపు రంగు నీళ్లు సీసాలోకి దిగుతున్నాయి. పేగు క్యాన్సర్. ఆపరేషన్ చేసి ఏడాది తిరగకుండానే కడుపంతా పాకి నీరు పట్టింది. ఆ నీరు తీస్తే తప్ప పడుకోలేకపోతున్నాడు. మామూలుగా దాన్ని పారబోస్తారు. కానీ అందులో క్యాన్సర్ కణాలు తేలుతుంటాయి. నేను కొత్వాల్‌గూడ వైపు ఒక ప్రైవేటు ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. అలాంటి కణాలను పెంచి, మందుకు అవి ఎలా లొంగుతాయో, ఎలా తప్పించుకుంటాయో చూడటమే మా పని. పెద్ద డాక్టరు ఒప్పుకున్నాడు. సంతకం పెట్టాల్సిన కాగితం నా చేతిలో ఉంది.

"చిన్నప్పుడు నా ఎంగిలి పండు ముట్టకపోతివి. ఇప్పుడు కడుపుల నీళ్లు కావాల్నా నీకు?" అన్నాడు.

"మందు ఎట్ల పనిచేస్తదో ఎర్కైతది అన్నా."

"నా పానం బాగైతదా గట్ల?"

"నీకు కాకపోవచ్చు. ఎన్కచ్చేటోళ్లకు."

"అబ్బో. నేను సస్తె ఎవడో బతుకుతడన్నట్టు."

వదిన మంచం చివర నిలబడి ఆయన పాదాలకు కొబ్బరినూనె రాస్తోంది. తలెత్తలేదు. కాగితంలో ఉన్నదంతా నేను చదివి వినిపించాను. మనసు మారితే ఎప్పుడైనా వద్దనవచ్చని, అప్పుడు కణాలను నాశనం చేస్తారని ఉన్న వాక్యం కూడా చదివాను. ఆయన పెన్ను తీసుకుని పెద్ద అక్షరాలతో సంతకం పెట్టాడు.

"తీస్కపో. చదువు పేరు మీద నా చెమట తాగినవ్, ఇగ ఇవి గూడ తాగు."

ఆయన మాట ఎప్పుడూ అంతే. మాది మామిడిపల్లి. అమ్మ, బాపు ఏడాది తేడాతో పోయినప్పుడు నాకు పదమూడేళ్లు, అన్నకు ఇరవై. ఆయన చదువు మానేసి కాటేదాన్‌లో ఒక వర్క్‌షాప్‌లో చేరాడు. తర్వాత ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాలీలు లాగే ట్రాక్టర్ మీద డ్రైవర్‌గా కుదిరాడు. నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది ఆయనే. అది నిజం. ఆ మాట పొద్దున లేస్తే అనేవాడు. అదీ నిజం.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు విమానాలు చూపిస్తానని నన్ను బండి మీద ఎక్కించుకుని ఎయిర్‌పోర్టు ప్రహరీ వెంట ఉన్న రోడ్డుకు తీసుకెళ్లాడు. అప్పటికి ఎయిర్‌పోర్టు కొత్త. గోడ దగ్గర నన్ను దింపి, "ఈడనే ఉండు, ఇప్పుడొస్త" అని వెళ్లాడు. రాలేదు. ఎండలో చాలాసేపు నిలబడి, ఇక లాభం లేదని నడుచుకుంటూ ఇంటికి వస్తే గడప మీద కూర్చుని పల్లీలు తింటున్నాడు. "క్లాసుల ఫస్ట్ వచ్చినవ్ గదా, ఇంటికి తొవ్వ దొరకదా?" అన్నాడు. నా కాళ్లకు బొబ్బలు లేచాయి. వాటికి ఆకుపసరు రాసింది కూడా ఆయనే. రాస్తున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

పెళ్లయ్యాక ఆ నోరు వదిన మీదికి మళ్లింది. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి రాలేదు. ఇంటికి చుట్టాలొస్తే అన్న వాళ్లకు కోడికూర వడ్డిస్తూ, "కోడే నయం. తినేముందు గుడ్డన్న పెడ్తది. మా ఇంటిదానికి గది సుత చాతగాదు" అనేవాడు. చుట్టాలు నవ్వేవారు. వదిన చెంబుతో నీళ్లు తెచ్చి అందరి చేతుల మీదా పోసేది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. ఆమె మాట్లాడిన మాటలకంటే ఆ మిషను చప్పుడే నాకు ఎక్కువ గుర్తు.

నీళ్లు తీసిన వారానికి జన్యుపరీక్ష రిపోర్టు వచ్చింది. డాక్టరు రోజూ వేసుకునే గోలీలు, రెండు వారాలకోసారి సూది రాశాడు. ఆదివారం నేను మామిడిపల్లి వెళ్లేసరికి అన్న వాకిట్లో మోటార్ స్విచ్ పక్కన కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"గోలీ ఉన్నంక సూది ఎందుకే? దవాఖానోళ్లు ఊకెనే గుచ్చుతున్నరా?"

నేను ఇంటిమీద ట్యాంకు చూపించాను. "అది నిండితే మోటార్ ఎట్ల బందైతది?"

"ఫ్లోట్ లేస్తది. కరెంటు కట్ అయితది. గది తెల్వదా నాకు? పెట్టిందే నేను."

"మన ఒంట్లె గూడ గంతే. కణం పెరగాలంటే బయటికెల్లి ఒక కబురొస్తది. పైనున్న ప్రొటీన్ దాన్ని అందుకుంటది, కిందిదానికి చెప్తది, అది ఇంకోదానికి. ఆఖర్ల ఉన్నది పని షురూ చేసి, మళ్లొకసారి పైదానికి ఇగ చాలు అని చెప్తది. గదే ఫ్లోట్. నీ కడుపుల ఏమైందంటే, నడుమనున్న ప్రొటీన్ ఒకటి కరాబైంది. ఎవరు చెప్పకున్నా పెరుగు పెరుగు అంటనే ఉంటది. పక్కింటోని పైపు తెచ్చి మన ట్యాంకుల పెట్టినట్టు. ట్యాంకు ఎప్పుడు నిండే ఉంటది, గందుకే మన మోటార్ బంద్ ఉంటది. గోలీ ఆ పైపును మూస్తది. ఇగ అప్పుడేమైతది?"

ఆయన ట్యాంకు వైపు చూశాడు. చదువు మానేసినవాడే గానీ మిషన్ల సంగతి ఆయనకు నాకంటే ముందు అర్థమవుతుంది. "నీళ్లు దిగుతయ్. ఫ్లోట్ దిగుతది. మోటార్ ఆన్ అయితది. మళ్ల నిండుతది."

"గందుకే సూది. అది మోటార్‌ను లేవనియ్యది."

"సరే. రెండు బంద్ పెట్టినం. అప్పుడు?"

అక్కడ నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "కొన్ని దినాలకు అవి ఇంకో బోరు ఏస్కుంటయ్."

"ఎన్ని దినాలకు?"

"ఒక్కొక్కరికి ఒక్కో తీరు."

"అంటే ఎర్క లేదన్నట్టు. గీ ముచ్చటకు ఎమ్మెస్సీ!" అని స్విచ్ వేశాడు. మోటార్ మోతలో ఆ తర్వాత ఆయన అన్నది నాకు వినపడలేదు.

ల్యాబ్‌లో ఆయన కణాలు పెరిగాయి. అందరివీ పెరగవు. చాలామందివి వారం తిరగకముందే చచ్చిపోతాయి. ఇవి నాలుగో రోజుకే ప్లాస్టిక్ సీసా అడుగున అతుక్కున్నాయి. మైక్రోస్కోపులో చూస్తే చిన్న చిన్న గుంపులుగా, ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నట్టు కనిపించాయి. వాటికి వేసే ఆహారం గులాబీ రంగు ద్రవం. అవి తింటున్నకొద్దీ అది పసుపుకు తిరుగుతుంది. రెండు రోజులకోసారి పాతది తీసి కొత్తది పోయాలి. ఆదివారమైనా సరే. సీసా మీద పేరుండదు, ఒక నంబరు మాత్రమే ఉంటుంది. ల్యాబ్ నడిపే మా మేడం ఆ నంబరు రాసి, "ఇవి ఎవరివో మనకు తెలియదు అనుకునే పని చెయ్యాలండి. మీకు తెలుసని నాకు తెలుసు. చెయ్యలేననిపిస్తే ఇప్పుడే చెప్పండి, వేరేవాళ్లకిస్తాను" అంది. ఆమె గుంటూరు వైపు మనిషి. ఎవరినీ నువ్వు అనదు. నేను చేయగలనన్నాను.

మందు మొదలుపెట్టిన మూడో వారానికే అన్న పొట్ట తగ్గింది. అన్నం తినసాగాడు. నేను ఫోన్ చేస్తే తన ఒంటి సంగతి చెప్పేవాడు కాదు, సీసాల సంగతి అడిగేవాడు. "నా పిల్లలు ఎట్లున్నరే?" అనేవాడు. మొదటిసారి విన్నప్పుడు ఫోన్ పెట్టేశాను. తర్వాత అలవాటైంది. ఒకసారి వాళ్లింట్లో కూర్చున్నప్పుడు ఫోన్‌లో వాటి ఫొటో చూపించాను. అన్న ఫోన్ తీసుకుని ముందు గదిలోకి వెళ్లి కుట్టుమిషను మీద పెట్టాడు.

"ఇగో సూడు. పదేండ్లాయె, నీతోని కాలే. మా చెల్లె డబ్బాల పెంచింది."

మిషను ఆగింది. వదిన ఫొటోను కాసేపు చూసి, ఫోన్ పక్కకు జరిపి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. అన్న నావైపు తిరిగి కన్ను గీటాడు. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండేందుకు కనీసం ప్రయత్నించలేదు.

ల్యాబ్‌లో ఆ కణాలను రెండు వాటాలు చేశాం. ఒక వాటాకు ఉత్త ఆహారం. ఇంకో వాటాకు ఆహారంతోపాటు అన్న వేసుకుంటున్న గోలీలోని మందూ, సూదిలోని మందూ. మందు పడ్డ సీసాల్లో కణాలు రాలిపోయాయి. వారం వారం మిగిలినవాటిని చిదిమి, లోపలి ప్రొటీన్లను జెల్ అనే మెత్తటి పలక మీద కరెంటుతో పరుగెత్తించి, పెరిగే పని మొదలుపెట్టే ఆ ఆఖరి ప్రొటీన్ మేలుకుని ఉందా, పడుకుని ఉందా అని చూసేదాన్ని. మేలుకుని ఉంటే ఫొటోలో నల్లటి గీత పడుతుంది. మొదటి వారం గీత లేదు. ఆరో వారం దాకా లేదు. ఏడో వారం సీసా అడుగున అక్కడక్కడ గుంపులు మళ్లీ కనిపించాయి. ఆ వారం తీసిన ఫొటోలో గీత వచ్చింది. సన్నగా కాదు, మందు పెట్టని కణాల్లో ఎంత నల్లగా ఉందో అంత నల్లగా.

అవి మూడో దారి వెతుక్కున్నాయి. గోలీ మూసిన దారి మూసే ఉంది. సూది మూసిన తలుపు మూసే ఉంది. పక్కన ఇంకేదో తలుపు తెరుచుకుంది. అదేమిటో కనిపెడితే అది పెద్ద సంగతే. మేడం ఫొటోను కిటికీ వెలుగులో పట్టుకుని, "చాలా శుభ్రంగా వచ్చిందండీ. ఎంత ఓపిగ్గా చేశారు!" అంది. మూడేళ్లలో ఆమె నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో అందరికీ నేనే టీ చెప్పాను, మిర్చీలు తెప్పించాను. అన్న గుర్తురాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చాడు. గుర్తొచ్చినా మిర్చీ రుచిగానే ఉంది.

ఆ వారంలోనే అన్నకు స్కాన్ తీశారు. గడ్డలు సగానికి పైగా కరిగాయని రిపోర్టు వచ్చింది. ఆయన ఆదివారం మందిరంలో సాక్ష్యం చెబుతానని పాస్టరుగారిని అడిగాడు. మాది రెండు తరాల నుంచి క్రైస్తవ కుటుంబమే గానీ అన్న పండుగకు తప్ప చర్చి గడప తొక్కేవాడు కాదు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందుకు వెళ్లి మైకు పట్టుకున్నాడు. వదిన, నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాం.

"ప్రభువుకు స్తోత్రం. నా కడుపుల మూడు బిందెల నీళ్లుండె. ఇప్పుడు సుక్క లేదు. డాక్టరే పరేషాన్ అయిండు." అందరూ హల్లెలూయ అన్నారు. ఆయన ఆగి, నా వైపు వేలు చూపించాడు. "మా చెల్లె ఆడ కూసున్నది. క్యాన్సర్ల మీదనే నౌకరీ. నేను చదివిస్తే చదివింది. నా మొకం మీదనే చెప్పింది, అన్నా నీది మళ్లొస్తదని. దాని చదువు అబద్ధమాడింది, ప్రభువు అబద్ధమాడలే. దాని కండ్లు తెరువుమని మీరందరు ప్రార్థన చెయ్యున్రి."

అందరూ తలలు తిప్పి నన్ను చూశారు. నా పక్కనున్న ముసలామె నా తల మీద చేయిపెట్టి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. చేతులు జోడించుకుని కూర్చున్నాను. నా బ్యాగులోని ఫోన్‌లో ఆ నల్లటి గీత ఫొటో ఉంది.

మధ్యాహ్నం అన్న ఇంట్లో భోజనం. వదిన బగారన్నం, మటన్ వండింది. అన్న రెండోసారి పెట్టించుకుంటూ, "ఏమే, ప్రార్థన పనిచేసిందా? కండ్లు తెరుసుకున్నయా?" అన్నాడు.

"తెరుసుకున్నయన్నా" అని ఫోన్ తీసి పళ్లెం పక్కన పెట్టాను. "ఇది నీదే. నువ్వేస్కునే గోలీ, నువ్వేస్కునే సూది, రెండు పోసిన. ఆరు వారాలు సప్పుడు లేకుండె. ఇగో, ఏడో వారం మళ్ల లేసింది."

ఆయన ఫొటో చూశాడు. ఆ గీత అంటే ఏమిటో అడగలేదు. మోటార్ గురించి చెప్పిన రోజే ఆయనకు అంతా అర్థమైందని అప్పుడు తెలిసింది.

"ఏడు వారాలా?"

"గిన్నెల ఏడు వారాలు."

గిన్నెలో, అంటే ల్యాబ్ సీసాలో, జరిగింది మనిషిలో అలాగే జరగాలని లేదు. జరిగినా ఏడు నెలలకు జరగొచ్చు, ఇంకా ఆలస్యంగా జరగొచ్చు. గిన్నెలో రక్తం పారదు, లివర్ ఉండదు, రోగంతో కొట్లాడే బలగం ఉండదు. ఈ సంగతి ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేనే పాఠంలా చెప్పేదాన్ని. ఆ మధ్యాహ్నం ఆయనకు చెప్పలేదు. ఆయన మొహం మారుతుంటే చూస్తూ కూర్చున్నాను. మందిరంలో అంతమంది నన్ను చూసినంతసేపు ఆయన్ను చూడాలనిపించింది.

అన్న చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు. వదిన లేచి వచ్చి నా ముందున్న పళ్లెం తీసుకుంది. నేనింకా తింటూనే ఉన్నాను. దాన్ని తీసుకెళ్లి బయట కుక్క ముందు పెట్టి, లోపలికొచ్చి చేతులు కడుక్కుంది.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను ఆ ఇంటికి ఎక్కువగా వెళ్లలేదు. నెలకోసారి వెళ్లి, ఒక గంట కూర్చుని వచ్చేదాన్ని. అన్న గోలీలు మానలేదు, సూదులు మానలేదు. కానీ ఎయిర్‌పోర్టులో తేలికపాటి పని ఇస్తామంటే చేరలేదు. చర్చికి పోవడం మానేశాడు. నవ్వడం కూడా మానేశాడని వదిన చెల్లెలి ద్వారా తెలిసింది. నాలుగో నెల చివర పొట్ట మళ్లీ పెరిగింది. అది నా మాట వల్ల వచ్చింది కాదు. ఏ మాటకూ అంత శక్తి లేదు. కానీ ఆ సంగతి వదినకు చెప్పగలిగే మొహం నాకు లేకపోయింది.

మళ్లీ నీళ్లు తీయాల్సి వచ్చింది. మేడం నన్ను గదిలోకి పిలిచి, "ఇప్పటి నీళ్లలోని కణాలు కూడా దొరికితే పాతవాటితో పోల్చి చూడవచ్చు. మనిషిలో తెరుచుకున్న దారీ, గిన్నెలో తెరుచుకున్న దారీ ఒకటేనా అనేది తేలుతుంది. కానీ వాళ్లకు ఇష్టమైతేనే. అడగడం మీకు కష్టమైతే అసలు అడగకండి" అంది. ఆమె నొక్కి చెప్పింది ఆ ఆఖరి మాట. నేను విన్నది ముందు మాట.

అదే దవాఖాన. అన్న చేతులు పుల్లల్లా ఉన్నాయి, పొట్ట మాత్రం కుండలా ఉంది. నా చేతిలో కాగితం చూడగానే వదిన మంచానికీ నాకూ మధ్య వచ్చి నిలబడింది. ఆమె నాతో అంత పొడుగ్గా మాట్లాడటం అదే మొదటిసారి.

"మళ్లొచ్చినవా? రెండు దినాలకోసారి వాటికి బువ్వ పెడ్తివి. ఐతారం సుత ఇడిసిపెట్టకపోతివి. మీ అన్నకు గొంతుల నీళ్లు దిగకపోతే ఒక్కనాడన్న సెంచెతోని పోసినవా? ఆయన్ను తినేటియి నీ సేతుల బలిసినయ్. ఈయన ఈడ ఎండిపోయిండు."

అన్న ఆమెను పక్కకు జరగమని చెయ్యి ఊపాడు.

"ఇయ్య" అన్నాడు. "ఇగ ఇయ్యనే ఇయ్య. ఉన్నవి సుత సంపు. ఎప్పుడన్న వద్దనొచ్చని కాయితంల ఉన్నది గదా, నువ్వే సదివినవ్."

"సరే అన్నా."

"సరే గాదు. నా కండ్లతోని సూడాలె. నాకంటే ముందు గవి పోవాలె."

మర్నాడు ల్యాబ్‌లో ఎవరూ లేని సమయం చూసి ఫోన్ నిలబెట్టి వీడియో తీశాను. సీసాలో గులాబీ ద్రవం. అందులో బ్లీచ్ పోశాను. రంగు పాలిపోయి తెల్లబడింది. అడుగున అతుక్కుని ఉన్నవి పొరలా ఊడి పైకి తేలాయి. నిమిషం కూడా పట్టలేదు.

ఆ సీసా అన్నది కాదు. ల్యాబ్‌లో ఎప్పటినుంచో ఉన్న వేరే కణాలు, ఎలాగూ పారేయాల్సినవి. నంబరు కనపడకుండా సీసాను గోడవైపు తిప్పి పెట్టాను.

ఎందుకు అలా చేశానని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. మూడో దారి ఏదో తేల్చే పని సగంలో ఉంది, అది ఎంతోమందికి పనికొస్తుంది అని అప్పుడు సర్దిచెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. మిగతాది ఇది: ఆ ఇంట్లో పుట్టినప్పటినుంచి నాకంటూ ఉన్న ప్రతిదాన్నీ, చదువుతో సహా, ఆయన తనదే అన్నాడు. ఆ సీసాల్లో ఉన్నది ఆయనదే, కానీ నా చేతిలో ఉంది. అడిగినా ఇవ్వకుండా ఉండగలిగినది జీవితంలో అదొక్కటే.

అన్న ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని వీడియో చూశాడు. మళ్లీ పెట్టమన్నాడు. మూడోసారి వదినను పిలిచి ఆమెకూ చూపించాడు.

"సచ్చినయా?"

"సచ్చినయన్నా."

"మంచిగైంది" అని కళ్లు మూసుకున్నాడు. కొంచెంసేపటికి ఆకలవుతోందన్నాడు. వదిన మెత్తగా వండిన అన్నంలో పప్పుచారు కలిపి తినిపించింది. ఆయన నాలుగు ముద్దలు తిన్నాడు. అన్ని రోజుల్లో అదే ఎక్కువ. పదో రోజు పోయాడు. మామిడిపల్లి సమాధుల్లో అమ్మ, బాపుల పక్కన పెట్టాం. మర్నాడు పొద్దున నేను ల్యాబ్‌కు వెళ్లి ఆయన సీసాల్లో కొత్త ద్రవం పోశాను. పాతది అప్పటికే పసుపుకు తిరిగి ఉంది.

నెలన్నర తర్వాత మేడం ఫలితాలన్నీ ఒకచోట రాయడం మొదలుపెట్టింది. "పేరు రాయకూడదు గానీ, సాయం చేసిన కుటుంబానికి కృతజ్ఞతలని ఒక వాక్యం పెడదాం. మీ వదినగారిని ఒకసారి అడగండి, ఆవిడకు అభ్యంతరం లేకపోతే" అంది. నేను తలూపి బయటికి వచ్చాను. రెండు రోజులు ఆగాను. మూడో రోజు ఆమె మళ్లీ అడిగింది. అడిగానని, సరేనన్నారని చెప్పడానికే నోరు తెరిచాను. కానీ బయటికి వచ్చింది నిజం.

"ఆయన వద్దన్నారా?" అంది మేడం.

"అవును మేడం. నాశనం చెయ్యమన్నారు."

"ఎప్పుడు?"

చెప్పాను. వీడియో సంగతి కూడా చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమెను నేను ఇన్నాళ్లూ ఫలితాలు తప్ప ఏదీ పట్టని మనిషనుకున్నాను. మనసులో ఎక్కడో, ఇన్నాళ్ల పరిశోధన పోతుందని ఆమె కూడా చూసీ చూడనట్టు ఊరుకుంటుందని ఆశపడ్డాను.

"పోయేముందు మనిషి అడిగింది అదొక్కటి. అది కూడా మీరు చెయ్యలేదు" అంది. గొంతు పెంచలేదు. లేచి ఇద్దర్ని పిలిచింది. నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి దాచిన ఆయన కణాల గొట్టాలన్నీ బయటికి తీయించింది. ఇంక్యుబేటర్‌లోని సీసాలూ తెప్పించింది. జాబితా నా చేతికిచ్చి ఒక్కో నంబరూ పైకి చదవమంది. నేను చదువుతుంటే వాళ్లు ఒక్కొక్కటే సంచిలో వేశారు. ఒక్కటీ తప్పలేదు. సంచి మూతికట్టి, అధిక వేడితో అన్నిటినీ చంపే ఆవిరి యంత్రంలో పెట్టి తలుపు బిగించారు. నేను పుస్తకంలో రాసిన పేజీలన్నిటి మీదా ఆమె అడ్డంగా గీత కొట్టి సంతకం చేసింది. సుమారు తొమ్మిది నెలల పని. ఆ మూడో దారి ఏమిటో దాదాపుగా తేలింది. అయినా అది ఇప్పుడు ఎవరికీ పనికిరాదు. "రాజీనామా మీరే రాసివ్వండి. నేను కారణం రాయాల్సి వస్తే ఇంకెక్కడా మీకు పని దొరకదు" అంది. రాసిచ్చాను.

ఇప్పుడు కాటేదాన్‌లో బిస్కెట్లు చేసే చిన్న ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. వచ్చిన పిండిలో తేమ ఎంతుందో, బిస్కెట్టు మెత్తబడిందా లేదా చూడటం నా పని. ఆ పనిలో చేరిన కొత్తలో ఒక శనివారం మామిడిపల్లి వెళ్లాను. వదినకు చెప్పాలనిపించింది. వీడియో అబద్ధమని, కానీ ఇప్పుడు నిజంగా అన్నీ పోయాయని, అన్న కోరింది ఆలస్యంగానైనా జరిగిందని.

ముందు గదిలో మిషను దగ్గరే ఉంది. స్టూలు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చెప్పాను. ఆమె చేతిలోని గుడ్డకు గుండుసూదులు పెడుతూ విన్నది. అయిపోయాక అడిగింది.

"ఇప్పుడెందుకు చెప్పినవ్?"

"నీకు తెల్వకుండ ఉంచుడు తప్పనిపించింది వదినా."

"గది సూసినంకనే మీ అన్న నా సేతుల బువ్వ తిన్నడు. తిని, బాగున్నదే అన్నడు. పెండ్లైన కాడికెల్లి ఎన్నడనని మాట. పదేండ్ల కాపురంల నాకు మిగిలింది గదొక్కటే." ఆమె గొంతులో కోపం లేదు. "గది సుత అబద్ధం మీదికెల్లి వచ్చిందని చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా? నీ పానం తేలికైందా మరి?"

నేను ఏదో అనబోయాను. ఇంతలో పక్కింటామె జాకెట్ గుడ్డ తీసుకుని లోపలికి వచ్చింది. వదిన మొహంలోకి నవ్వు తెచ్చుకుని, "రా అక్కా, చేతులు పొడుగ్గ పెట్టాల్నా, పొట్టిగనా?" అంటూ టేపు మెడలోంచి తీసి ఆమె భుజం కొలవడం మొదలుపెట్టింది. ఆ వచ్చినామె సంచి ఎక్కడ పెట్టాలా అని చూసింది. నేను స్టూలు మీంచి లేచాను. ఆమె సంచి దాని మీద పెట్టుకుంది.